కుక్క ముక్కు రంగు మారితే

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నెల క్రితం సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఉద్యోగం గురించి వద్దు, పదవుల గురించి వద్దు. నలుగురికీ పనికొచ్చే విషయం ఒక్కటి చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్లు చూసుకుంటున్నవాణ్ణి. ఉద్యోగం వద్దంటే ఇంకేముంది అని కాసేపు ఆలోచించి, "కుక్క ముక్కు గురించి చెప్తానండీ" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సరే, అయితే పావుగంటలో ముగించు" అన్నారు.

ఇందాక, ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు చేతులెత్తండి అంటే దాదాపు సగం హాలు చేతులెత్తింది. మనం చదువుకునే రోజుల్లో కుక్క వాకిట్లో ఉండేది, పెరుగన్నం తినేది, ఎవరిదో ఊళ్లో వాళ్లకే సరిగ్గా తెలిసేది కాదు. ఇప్పుడు సోఫా మీద పడుకుంటోంది. ఫోన్లో మనవల ఫొటోల పక్కన దాని ఫొటో ఉంటోంది. అందుకే దాని మొహంలో చిన్న మార్పు వచ్చినా మనకు కనిపిస్తుంది. నల్లగా మెరిసే ముక్కు ఒకరోజు గోధుమ రంగులోకి, తర్వాత గులాబీ రంగులోకి తిరగడం అలాంటి మార్పే. అప్పుడు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నదే నా విషయం.

ముందు ముక్కు సంగతి చెబుతాను. కుక్క మూతి చివర వెంట్రుకలు లేని ఆ తడి భాగాన్ని దగ్గరగా చూడండి. సీతాఫలం తొక్కలాగా చిన్న చిన్న బుడిపెలు, వాటి మధ్య సన్నని గాడులు ఉంటాయి. ఆ గాడుల అమరిక మన వేలిముద్రల్లాగే ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది. కెనడాలోని కెన్నెల్ క్లబ్బు 1938లోనే ముక్కు ముద్రను కుక్క గుర్తింపుకు ఆధారంగా ఒప్పుకుంది. వాసన సంగతి సరే, ఆ చల్లటి ముక్కు కొనతో కుక్క కొద్దిపాటి వేడిని దూరం నుంచే పసిగడుతుందని స్వీడన్‌లోని లుండ్, హంగరీలోని ఎట్వష్ లోరాండ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 2020లో చూపించారు.

దాని నలుపు ఎక్కడిది? మన జుట్టు నలుపు ఎక్కడిదో అదీ అక్కడిదే. చర్మం పైపొరకు అడుగున మెలనోసైట్లనే రంగు కణాలుంటాయి. అవి టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసుకుని, టైరోసినేజ్ అనే ఎంజైము సాయంతో మెలనిన్ తయారుచేస్తాయి. దాన్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి, చేతుల్లాంటి పోగులతో చుట్టుపక్కల చర్మకణాలకు అందిస్తాయి. ఈ మెలనిన్ కింద ఉన్న చర్మాన్ని ఎండ నుంచి కాపాడే గొడుగు కూడా. వెంట్రుకలు లేని ముక్కుకు ఆ గొడుగు అవసరం మరీ ఎక్కువ.

ఇక్కడ నా ఉద్యోగం మాట ఒక్కటి రానివ్వండి, కార్యదర్శిగారు మన్నించాలి. ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి చల్లబడినప్పుడల్లా లోపలి నూనె ఉబ్బుతుంది, తగ్గుతుంది. దాంతో అది గాలి వదులుతూ, పీలుస్తూ ఉంటుంది. లోపలికి వెళ్లే గాలిలో తేమ ఉండకూడదని దారిలో బ్రీదరు అని ఒక పాత్ర పెడతారు, అందులో సిలికా జెల్ గింజలు పోస్తారు. మేం ఎక్కువగా చూసిన రకం పొడిగా ఉంటే నీలంగా ఉంటుంది, తేమ పీల్చుకుంటే గులాబీ రంగుకు తిరుగుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లలో ఒకడు గులాబీ రంగు చూడగానే ట్రాన్స్‌ఫార్మరు పోయిందని పరుగెత్తుకొస్తాడు. ఇంకొకడు గింజలు మార్చేసి, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్లిపోతాడు. పని తెలిసినవాడు మాత్రం రంగు ఏ వైపు నుంచి మారుతూ వచ్చిందో చూస్తాడు. కింద నుంచి పైకి మారితే గాలి రావలసిన దారినే వస్తున్నట్టు. పై నుంచి మారితే ఎక్కడో గాస్కెట్ దగ్గర లీకై గాలి అడ్డదారిన దూరుతున్నట్టు. గులాబీ రంగు రెండుచోట్లా ఒకటే, అర్థం మాత్రం వేరు.

ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు లిట్మస్ కాగితం ఎర్రబడగానే అరిచే పిల్లల్ని ఆపి, "కాగితం సంగతి తర్వాత, గ్లాసులో ఏముందో చెప్పండి" అనేవారు. కుక్క ముక్కు విషయంలో నేను చెప్పదలచుకున్నదీ అదే.

రంగు కణాన్ని ఒక చిన్న కార్ఖానా అనుకుందాం. ముక్కు నల్లగా లేదంటే మూడింటిలో ఒకటి జరిగి ఉండాలి. కార్ఖానా మొదటి నుంచీ లేకపోవడం ఒకటి. కార్ఖానా ఉండీ పని నెమ్మదించడం రెండోది. ఎవరో వచ్చి కార్ఖానాను కూలగొట్టడం మూడోది. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిదానికి మన పక్క రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉంది. తమిళనాడులోని రాజపాళయం వేటకుక్క పాలలా తెల్లగా ఉంటుంది, దాని ముక్కు పుట్టుకతోనే గులాబీ రంగు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద వేసిన నాలుగు బిళ్లల్లో అదీ ఒకటి. దాని ముక్కు రంగు పోలేదు, ఎన్నడూ లేదు. ముదురు గోధుమ రంగు లాబ్రడార్ ముక్కు గోధుమ రంగులోనే ఉంటుంది, నల్లబడదు. ఆ జన్యువు ఉన్న లేత పసుపు లాబ్రడార్‌కు ముక్కు చిన్నప్పటి నుంచీ పాలిపోయే ఉంటుంది. చాలా పిల్లలకు పుట్టినప్పుడు గులాబీగా ఉన్న ముక్కు కొన్ని వారాల్లో నల్లబడుతుంది. కనుక కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు ముందు ఆ జాతి ముక్కు ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. రంగు కణాలు చర్మంలోనే ఉండవు. లోపలి చెవిలోనూ ఉంటాయి, కంటి లోపలి పొరల్లోనూ ఉంటాయి. లోపలి చెవిలో అవి లేకపోతే వినికిడి కణాలు కొద్ది వారాల్లో చచ్చిపోతాయి. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలుండే డాల్మేషియన్లలో దాదాపు 30 శాతం కుక్కలకు ఒక చెవిలోనో రెండు చెవుల్లోనో వినికిడి ఉండదు. రాజపాళయం పిల్లల్లోనూ చెవుడు కనిపిస్తుంది. తెల్లటి పిల్లను ఎంచుకునేటప్పుడు అది అటు తిరిగి ఉండగా వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. గాలి తగలకుండా, నీడ పడకుండా కొట్టాలి, లేకపోతే చెవిటిదైనా తిరిగి చూస్తుంది. ఈ చెవి, కన్ను సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

రెండోది, కార్ఖానా నెమ్మదించడం. మా ఇంట్లో బంటి అని పసుపు రంగు లాబ్రడార్ ఉంది. దానికి మూడో ఏట డిసెంబరులో ముక్కు మధ్యలో గోధుమ రంగు చార పడింది. జనవరికి ఆ చార గులాబీ అయింది. అంచులు నల్లగానే ఉన్నాయి, బుడిపెలు చెక్కుచెదరలేదు, తడి తగ్గలేదు, తిండికీ ఆటకూ లోటు లేదు. మే నెల వచ్చేసరికి మళ్లీ ముదురు రంగుకు తిరిగింది. దీన్ని ఇంగ్లీషువాళ్లు స్నో నోస్ అంటారు, వింటర్ నోస్ అని కూడా అంటారు. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, సైబీరియన్ హస్కీలు, బెర్నీస్ మౌంటెన్ కుక్కల్లో బాగా కనిపిస్తుంది. పేరులో మంచు ఉంది గానీ అది రావడానికి మంచు కురవనక్కర్లేదు, హైదరాబాదు డిసెంబరులో కూడా వస్తుంది.

దీనికి సాధారణంగా చెప్పే కారణం, చలికి టైరోసినేజ్ ఎంజైము మందగిస్తుందని. ఈ ఎంజైము మీద వేడి, చలి ప్రభావం చూపించడం వేరే జంతువుల్లో రుజువైన సంగతే. సయామీ పిల్లిలో మాత్రం అది తలకిందులుగా జరుగుతుంది. దాని ఎంజైము చల్లటి చోటే పని చేస్తుంది కనుక చెవులు, మూతి, తోక నల్లగా, ఒళ్లు తెల్లగా ఉంటాయి. కుక్క ముక్కు విషయంలో ఇదే అసలు కారణమని శాస్త్రం ఇంకా ముద్ర వెయ్యలేదు. ఏమైనా ఇది జబ్బు కాదు, దీనికి మందు లేదు, అక్కర్లేదు. కొన్ని కుక్కల్లో వయసు పెరిగేకొద్దీ వేసవిలో తిరిగొచ్చే రంగు తగ్గుతూ పోయి, చివరికి ముక్కు అలాగే ఉండిపోతుంది. మన జుట్టు నెరిసినట్టే అనుకోవాలి.

ఇక మూడోది, కూలగొట్టడం. ఇక్కడ మాత్రం ఎవరు కూలగొడుతున్నారు, ఇంకా ఎక్కడెక్కడ కూలగొడుతున్నారు అని అడగాలి.

అన్నిటిలోకీ నెమ్మదైనది బొల్లి. మనుషులకు వచ్చినట్టే కుక్కలకూ వస్తుంది. శరీరంలోని రక్షణ వ్యవస్థ తన రంగు కణాలనే శత్రువులనుకుని చంపుతుంది. బెల్జియన్ టెర్వ్యూరన్, రాట్‌వైలర్, డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో ఎక్కువ చూశారు. ముక్కు, పెదవులు, కనురెప్పల మీద తెల్లమచ్చలు వస్తాయి, కొన్నిచోట్ల వెంట్రుకలు కూడా తెల్లబడతాయి. నొప్పి, దురద, పుండు ఉండవు. రంగు పోతుంది, అంతే.

రెండోది అలాంటిది కాదు. మా అపార్టుమెంటులోనే జరిగింది కనుక చెప్తాను. కింది అంతస్తులో ఒక కుటుంబం దగ్గర నాలుగేళ్ల హస్కీ ఉండేది. ఒక చలికాలం దాని ముక్కు అంచున, పెదవుల మీద తెల్లబడటం మొదలైంది. మూడో అంతస్తువాళ్ల లాబ్రడార్‌కూ ఇలాగే అయిందట, వేసవిలో సర్దుకుందట అని లిఫ్టులో ఎవరో చెప్పారు వాళ్లకు. ఆ మాట విని ఊరుకున్నారు. కొన్నాళ్లకు కుక్క వెలుతురు చూడలేక కళ్లు చికిలించడం మొదలుపెట్టింది, కళ్లు ఎర్రబడ్డాయి, నీళ్లు కారాయి. దుమ్ము పడి ఉంటుందని మందులషాపులో చుక్కలు కొని వేశారు. అది నడుస్తూ నడుస్తూ కుర్చీకి గుద్దుకున్న రోజున డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

ఆయన ముక్కు వైపు ఒక్కసారి చూసి, వెంటనే టార్చి తీసి కళ్లలోకి చూశారట. ఈ జబ్బు పేరు యువియోడెర్మటోలాజిక్ సిండ్రోమ్. పేరు కష్టమే గానీ విషయం తేలిక. రక్షణ వ్యవస్థ రంగు కణాల మీద పడుతుంది, రంగు కణాలు ఎక్కడెక్కడ ఉంటే అక్కడ పడుతుంది. ఇందాక చెప్పాను కదా, అవి కంటి లోపలి పొరల్లోనూ ఉంటాయని. అక్కడ వాపు వస్తే కంట్లో ఒత్తిడి పెరగవచ్చు, రెటీనా ఊడిపోవచ్చు, చూపు పోవచ్చు. దీన్ని మొదట 1977లో జపాన్‌లో అకితా కుక్కల్లో గుర్తించి రాశారు. చనిపోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి రైల్వేస్టేషన్లో ఎదురుచూసిన హచికో ఆ జాతిదే. అకితాలతో పాటు హస్కీలు, సమోయెడ్‌లలోనూ ఎక్కువ. తరచుగా కంటి జబ్బు ముందు మొదలవుతుంది, లేదా రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి. అంటే ముక్కు తెల్లబడటం మనకు కనిపించేసరికి కంట్లో గడియారం అప్పటికే నడుస్తూ ఉండవచ్చు.

ఆ హస్కీకి రక్షణ వ్యవస్థను అణిచే మందులు, కంటి చుక్కలు నెలల తరబడి వాడారు. ఎడమకన్ను నిలిచింది. ముక్కు రంగు కూడా కొంత తిరిగొచ్చింది. కుడికన్ను చూపు రాలేదు. ఆ ఇంటి కుర్రవాడు ఇప్పటికీ దాన్ని వాకింగుకు తీసుకెళ్లేటప్పుడు కుడివైపు తాను నడుస్తాడు.

మా బంటి ముక్కు, ఆ హస్కీ ముక్కు ఫొటో తీసి పక్కపక్కన పెడితే చూసినవాళ్లకు పెద్ద తేడా తెలిసేది కాదు. తేడా అంతా ముక్కుకు నాలుగంగుళాల పైన ఉంది.

మూడోదాన్ని పట్టుకోవాలంటే ముక్కును వేలితో తాకి చూడాలి. డిస్కాయిడ్ లూపస్ అని ఒక జబ్బు ఉంది. జర్మన్ షెపర్డ్, కోలీ, షెట్‌లాండ్ షీప్‌డాగ్, హస్కీ జాతుల్లో ఎక్కువ. మొదట ముక్కు నలుపు నీలిబూడిద రంగులోకి తిరుగుతుంది. అదే సమయంలో సీతాఫలం తొక్కలాంటి బుడిపెలు అరిగి, చర్మం గచ్చు చేసినట్టు నున్నబడుతుంది. తర్వాత పెచ్చులు, పగుళ్లు, పుండ్లు, నెత్తురు. ఎండ తగిలితే ఇది పెరుగుతుంది. మన ఎండలు ఎలాంటివో మీకు చెప్పనక్కర్లేదు. దీనికి మందులున్నాయి, చాలా కుక్కలు బాగానే ఉంటాయి. అయితే ముక్కు మీద పుండు పడి పెచ్చు కట్టే జబ్బులు వేరేవి కూడా ఉన్నాయి. వాటిలో పెంఫిగస్ ఒకటి, చర్మంలో పుట్టే ఒక రకం క్యాన్సరు ఒకటి. కంటితో చూసి ఇది ఫలానా అని చెప్పలేరు. మత్తిచ్చి గోరంత చర్మం తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి, అదే బయాప్సీ. డాక్టరు బయాప్సీ అన్నాడంటే డబ్బు గుంజడానికి అని అనుకోకండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులున్నాయి, అక్కడికి వెళ్లి అడగవచ్చు.

ఇక నాలుగోది మీలో చాలామంది వినే ఉంటారు. ప్లాస్టిక్ గిన్నెలో అన్నం పెడితే ముక్కు తెల్లబడుతుందని. ఇందులో నిజం ఎంత?

దీని మూలం కుక్కల దగ్గర లేదు, కార్మికుల దగ్గర ఉంది. 1939లో అమెరికాలోని ఒక తోళ్ల కర్మాగారంలో పనివాళ్ల చేతులు, ముంజేతులు తెల్లబడ్డాయని వైద్యులు రాశారు. వాళ్లు తొడుక్కునే రబ్బరు తొడుగులు ఎంత మేరకు తగులుతాయో అంత మేరకే రంగు పోయింది. రబ్బరు పాడవకుండా కలిపే ఒక రసాయనం, మోనోబెంజైల్ ఈథర్ ఆఫ్ హైడ్రోక్వినోన్, దానికి కారణమని తేలింది. ఈ జాతి రసాయనాలు చూడటానికి టైరోసిన్‌లాగా ఉంటాయి. టైరోసినేజ్ వాటిని తన ముడిసరుకే అనుకుని లోపలికి తీసుకుంటుంది, విషపదార్థంగా మారుస్తుంది, ఆ విషానికి రంగు కణమే బలవుతుంది. కార్ఖానా తన చేతులతో తానే నిప్పు పెట్టుకున్నట్టు.

అలాంటి రసాయనం మన ఇళ్లలోకీ వచ్చింది. స్టిక్కర్ బొట్టు జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ వల్ల నుదుట బొట్టు పెట్టుకునేచోట సరిగ్గా ఆ ఆకారంలో తెల్లమచ్చ పడుతోందని 1990లో మన దేశపు చర్మవైద్యులు రాశారు. రబ్బరు చెప్పుల పట్టీల కింద కూడా ఇలా రంగు పోయినవాళ్లున్నారు. 2013లో జపాన్‌లో చర్మం తెల్లబడటానికి అమ్మిన క్రీముల్లోని రోడోడెండ్రాల్ అనే పదార్థం వల్ల వేలమందికి మచ్చలు పడి, ఆ క్రీములన్నీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

కనుక గిన్నె అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. అయితే గిన్నె వల్లే ముక్కు రంగు పోయిందని గట్టిగా రుజువైన కుక్కలు చాలా తక్కువ. పరీక్ష తేలికే. గిన్నె కారణమైతే అది తగిలే పెదవులు కూడా తెల్లబడాలి. ఏమైనా మన ఇళ్లలో స్టీలు గిన్నెలకు కొదవా? ప్లాస్టిక్ గిన్నెలో గీతలు పడి మురికి చేరుతుంది, ఆ ఒక్క కారణానికే మార్చెయ్యవచ్చు. గిన్నె మార్చేశాం కదా, ఇక చూద్దాంలే అని మాత్రం ఊరుకోకండి. అది గింజలు మార్చి సంతకం పెట్టి వెళ్లిపోయే కుర్రాడి పని.

ఇక ఇంట్లో చెయ్యవలసినవి. రాసుకునేవాళ్లు రాసుకోండి.

ఒకటి. నెలకొకసారి ముక్కు ఫొటో తీసి పెట్టుకోండి. ఒకేచోట, పగటి వెలుతురులో, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. రంగు ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా పాకింది అని డాక్టరు అడిగితే మన జ్ఞాపకం కంటే ఫొటో నయం.

రెండు. వేలితో తాకి చూడండి. బుడిపెలు ఉన్నాయా, నున్నబడిందా? పెచ్చు, పగులు, పుండు, నెత్తురు ఉన్నాయా? నున్నబడినా, పుండు పడినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి.

మూడు. కళ్లు చూడండి. ఎరుపు, నీరు, మసక, వెలుతురుకు చికిలించడం, వస్తువులకు గుద్దుకోవడం. ముక్కు పాలిపోయి వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి. హస్కీ, అకితా, సమోయెడ్ ఉన్నవాళ్లు కళ్లకు ఏమీ లేనట్టు కనిపించినా ఒకసారి చూపించడం మంచిది.

నాలుగు. ముక్కుకు ఏదీ పుయ్యకండి. పసుపు, ఆముదం, వేపనూనె, మన మొహానికి రాసుకునే క్రీములు, ఏవీ వద్దు. కుక్క తన ముక్కును నిమిషానికోసారి నాకుతుంది. మీరు పూసింది పది నిమిషాల్లో దాని కడుపులో ఉంటుంది. మనం ఎండకు రాసుకునే క్రీముల్లో చాలావాటిలో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, కుక్క మింగితే అది హాని చేస్తుంది. కుక్కల కోసం తయారైనవి వేరే ఉన్నాయి, డాక్టరును అడగండి.

అయిదు. కారణం ఏదైనా, నలుపు పోయిన ముక్కుకు గొడుగు పోయినట్టే. త్వరగా ఎండకు కమిలిపోతుంది. వాకింగు పొద్దున్నే, మళ్లీ సాయంత్రం. మధ్యాహ్నం నీడన ఉంచండి.

ఇంతే. ఇక చివరిగా ఒక్క విషయం. ఇది కుక్కల గురించి మొదలైనా కుక్కలతో ఆగదు.

బంటి ముక్కు గులాబీ రంగుకు తిరిగిన ఆ జనవరిలో ఒకామె లిఫ్టులో నన్ను చూసి పిల్లవాణ్ణి వెనక్కి లాక్కుని అడిగింది. "అన్నయ్యగారూ, మీ కుక్కకు బొల్లి వచ్చినట్టుంది. పిల్లలకు అంటుకోదు కదండీ?" "అది బొల్లి కాదమ్మా. బొల్లే అయినా అంటుకోదు" అన్నాను. ఆమె తప్పేం లేదు, తెలియక భయపడింది. కానీ ఆమె పిల్లవాణ్ణి వెనక్కి లాగిన ఆ చెయ్యి నాకు బాగా గుర్తుండిపోయింది. కుక్కకు దాని అర్థం తెలియదు. తెలిసే వయసున్న పిల్లల ఎదుట కూడా ఆ చెయ్యి అలాగే వెనక్కి వెళ్తుంది.

బొల్లి ఉన్నవాళ్లు ప్రపంచంలో సుమారుగా నూటికొకరు. ఈ లెక్కన మన హాల్లోనూ నలుగురైదుగురుంటారు. చిన్నతనంలోనే మొదలయ్యేవాళ్లు చాలామంది, అంటే బడిలో ఉండగానే. మన పెద్దవాళ్లు దీన్ని తెల్లకుష్ఠు అన్నారు. ఆ ఒక్క మాటే ఎంత చెడు చేసిందో లెక్క లేదు. కుష్ఠుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. కుష్ఠు క్రిమి వల్ల వస్తుంది, దానికీ ఇప్పుడు పూర్తిగా నయం చేసే మందులున్నాయి. బొల్లికి క్రిమే లేదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. పాలు, చేపలు కలిపి తిన్నందుకు వచ్చేదీ కాదు. మైకేల్ జాక్సన్ 1993లో టీవీ ముందు కూర్చుని తనకు చర్మం రంగు పోయే జబ్బు ఉందని చెప్పుకున్నా చాలామంది నమ్మలేదు, కావాలని తెల్లబడ్డాడనే అన్నారు. ఆయన పోయిన జూన్ 25నే ఇప్పుడు ప్రపంచ బొల్లి దినంగా జరుపుతున్నారు.

ఇక్కడ ఉపాధ్యాయులున్నారు, ఇప్పటికీ తరగతి గదిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. మీ తరగతిలో ఒక పిల్లకు పెదవి అంచునో, వేలి కొనలనో తెల్లమచ్చ కనిపిస్తే ముందు తల్లిదండ్రులను పక్కకు పిలిచి చర్మవైద్యుడికి చూపించమని చెప్పండి. త్వరగా మొదలుపెడితే చాలామందికి రంగు కొంతవరకైనా తిరిగొస్తుంది. తర్వాత ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న తరగతిలో పుట్టకముందే మెలనిన్ పాఠం ఒకటి చెప్పండి. కుక్క ముక్కుతో మొదలుపెట్టండి. పిల్లలు వింటారు. ఎవరి పేరూ ఎత్తకుండానే చెప్పవలసిందంతా చెప్పెయ్యవచ్చు. ఈ బడిలో మాకు ఎన్నో సంగతులు అలాగే చెప్పారు.

నాకిచ్చిన పావుగంట అయిపోయింది. భోజనాల తర్వాత వేపచెట్టు కింద ఉంటాను. ఫోన్లో మీ కుక్క ఫొటో ఉంటే తీసుకురండి. నేను డాక్టరును కాను, మందు చెప్పను. డాక్టరు దగ్గరికి ఈ రోజే వెళ్లాలా, వచ్చే వారం వెళ్లినా ఫరవాలేదా అన్నది మాత్రం ఇద్దరం కలిసి చూద్దాం. ఫొటోలో ముక్కు ఒక్కటే కాదు, రెండు కళ్లూ కనిపించాలి.